ఎడమవే రెండున్న ఎలుక

శుక్రవారం పొద్దున్న మోంతెవిదేవో రేవు మీద వాన ఏటవాలుగా కొడుతోంది. మూడో అంతస్తులోని చిన్న ఆఫీసులో నెల్సన్ బీకే గ్యాసు హీటరు ముందు చేతులు కాచుకుంటూ, మాతే ఆకు టీ కోసం పెట్టిన నీళ్ళు మరిగిపోకుండా ఓ కన్నేసి ఉంచాడు. తలుపు తట్టిన చప్పుడేమీ లేదు. తలుపే తెరుచుకుంది.

గుమ్మంలో యాభై దాటిన ఒకావిడ నిలబడి ఉంది. తడిసిన కోటుకు గుండీలు ఒక కాజా తప్పించి పెట్టుకుంది. ఒక ఫైలును గుండెలకు అదుముకుంది.

"ఇక్కడ మనిషికి మతి చలించిందో లేదో తేల్చి చెప్తారా?" అని అడిగింది.

 బల్ల వెనక నుంచి ఒఫెలియా లారాల్డే జవాబిచ్చింది.

"మతి సంగతి డాక్టర్లు చూస్తారు. ఎవరైనా పనిగట్టుకుని మీ మతి పోగొడుతుంటే మాత్రం అది నేను చూస్తాను. రండి, కూర్చోండి. నెల్సన్, ఆ కోటు తీసుకో."

ఒఫెలియాకు యాభై ఎనిమిదేళ్ళు. రేవులో కస్టమ్స్ తనిఖీ అధికారిణిగా ఇరవై ఆరేళ్ళు పనిచేసింది. మూసిన పెట్టెను చూసి లోపల ఏముందో చెప్పడం ఆమెకు అక్కడే అబ్బింది. ఆ ఉద్యోగం వదిలి సొంతంగా డిటెక్టివ్ పని మొదలుపెట్టినప్పుడు, మందుల షాపులో ఉన్న నెల్సన్ ఆమె వెంట వచ్చేశాడు. తొమ్మిదేళ్ళయింది. ఆమె ఏదైనా వస్తువును రెండోసారి చూసిందంటే అందులో సంగతి ఉందని అతనికి గట్టి నమ్మకం.

వచ్చినావిడ పేరు ఇర్మా ఎచెవెర్రి. కలుపుమందుల వల్ల మనుషులకు హాని ఉందా లేదా అని చూసే ప్రభుత్వ విభాగంలో పరిశీలకురాలు. రెండు గుక్కలు మాతే కడుపులో పడ్డాక ఆమె గొంతు కాస్త కుదుటపడింది.

"టెర్లిమోన్ అని ఒక కలుపుమందు ఉంది. సోయా పొలాల్లో కొడతారు. కంపెనీ ఎలుకల మీద పరీక్ష చేయించి ఆ కాగితాలు మాకివ్వాలి. పదేళ్ళకోసారి మేం మళ్ళీ చూస్తాం. ఎలుకల్ని నాలుగు గుంపులు చేస్తారు. మొదటి గుంపుకు వట్టి మేత. రెండో గుంపుకు మేతలో కొంచెం మందు. మూడో గుంపుకు దానికి పదింతలు. నాలుగోదానికి ఇంకా ఎక్కువ. ఏ మోతాదు దాకా హాని కనబడలేదో దాన్ని నూరుతో భాగిస్తే, మనిషి రోజూ మింగినా ఫర్వాలేదనే అంకె వస్తుంది. ఆ తర్వాత అన్నీ ఆ అంకె మీదే నిలబడతాయి. బావి నీళ్ళలో ఎంత ఉండొచ్చు, బడికి ఎంత దూరంలో కొట్టొచ్చు, అన్నీ."

"మీరు ఆ అంకెను ఒప్పుకోలేదు," అంది ఒఫెలియా.

"ఒప్పుకోలేదు. ఎలుకల కిడ్నీల స్లైడ్లు పంపమని కంపెనీకి రాశాను. నలభై ఎలుకలు, ఒక్కోదానికి రెండు కిడ్నీలు, ఎనభై గాజు స్లైడ్లు. మంగళవారం పొద్దుటి నుంచి సాయంత్రం దాకా మైక్రోస్కోపులో చూశాను. మూడో గుంపులో పదింటికి ఎనిమిది ఎలుకల కిడ్నీలు చెడిపోయాయి. మందు తినని గుంపులో ఒక్కటే. కంపెనీ నివేదికలో మాత్రం, ముసలి ఎలుకలకు అది మామూలే, అన్ని గుంపుల్లోనూ ఉందని రాసుంది. నేను చూసింది నిజమైతే ఆ అంకె పదోవంతుకు దిగిపోవాలి."

"తర్వాత?"

"బుధవారం సమ్మె. ఆఫీసు మూత. గురువారం రూలు ప్రకారం రెండో మనిషి చూశాడు. డాక్టర్ వాషింగ్టన్ పింతోస్ అని పెద్దాయన, రిటైరయ్యాడు. ఏ నంబరు ఏ గుంపుదో ఆయనకు చెప్పరు. ఆయన లెక్కలో మందు తినని గుంపులో ఐదు చెడినవి, మూడో గుంపులో నాలుగు.  నేను మళ్ళీ చూశాను. ఆయన చెప్పిందే నిజం. అదే పెట్టె, అవే లేబుళ్ళు. ఎనభైకి ఎనభై ఉన్నాయి. ఒకటి పోలేదు, ఒకటి చేరలేదు."

"ఫొటోలు తీసుకోలేదా?"

"మైక్రోస్కోపు కెమెరా రెండేళ్ళుగా రిపేరులో ఉంది. నా చేతిరాత నోట్సు తప్ప ఏమీ లేదు. అది కల్పించి రాశానంటున్నారు. సోమవారం పదింటికి విచారణ సభ. ముందు నన్ను సస్పెండ్ చేస్తారు, తర్వాత పాత అంకెకే ఇంకో పదేళ్ళు ముద్ర వేస్తారు. సొరియానో జిల్లా పాసో ఒండో నుంచి గ్లాదిస్ అని ఒక టీచరు కూడా వస్తోంది. వాళ్ళ బడి బావి పొలం గట్టునే ఉంది." ఇర్మా ఆగి, కింది పెదవి కొరుక్కుంది. "అసలు భయం అది కాదండీ. మా అమ్మకు యాభై నాలుగో ఏట మతిమరుపు మొదలైంది. ముందు తాళంచెవులు మర్చిపోయింది. చివరికి నన్ను. నాకిప్పుడు యాభై రెండు."

"ఈ మధ్య మీకు ఆ సంగతి ఎవరైనా గుర్తు చేశారా?"

"డైరెక్టర్ గారు, నిన్న. చెడుగా కాదు. చెయ్యి పట్టుకుని, మీ అమ్మగారికి కూడా ఇలాగే కదా మొదలైంది, సెలవు తీసుకో, డాక్టరుకు చూపించుకో అన్నారు. పంతొమ్మిదేళ్ళుగా ఆయన నాకు గురువు."

 ఒఫెలియా చేతిలో మాతే సగంలోనే బల్లమీద పెట్టేసింది. ఆమె అలా పెట్టడం నెల్సన్ చాలా అరుదుగా చూశాడు.

"మంగళవారం సాయంత్రం మీ లెక్క ఎవరెవరికి తెలుసు?"

"డైరెక్టర్ గారికి నోట్సు కాపీ ఇచ్చాను. రూలు ప్రకారం ఆయన కంపెనీ ప్రతినిధికి ఫోన్ చేశారు. గొన్సాలో సెర్బీనో అని. గంటలో ఊడిపడి వరండాలో నా మీద కేకలేశాడు. రికార్డు రూము చూసే ఎల్బియా కూడా విన్నది."

"ఒక్క మాట. మంగళవారం మీరు చూసిన ముక్కలు ఏ ఆకారంలో ఉన్నాయి?"

ఇర్మా తెల్లబోయింది. "నేను కణాలు చూస్తానండీ. ఆకారం చూడను."

"సరే. నేను ఆకారాలే చూస్తాను. నాకు కణాలు కనబడవు."

*

మధ్యాహ్నానికి వాన వెలిసింది. డైరెక్టర్ రూబెన్ తెచేరా వాళ్ళను ఎంతో మర్యాదగా రానిచ్చాడు. అరవై ఆరేళ్ళ మనిషి, తెల్లటి మీసం, మోచేతుల దగ్గర అరిగిపోయిన స్వెట్టరు. కలుపు మొక్కల మీద జీవితమంతా పనిచేసిన వృక్షశాస్త్రజ్ఞుడు. గది నిండా అదిమి ఎండబెట్టిన మొక్కలు, అట్టల మీద అతికించి ఉన్నాయి. ఒఫెలియా ఆయనతో మాట్లాడుతుండగా నెల్సన్ ఆ అట్టలు చూస్తూ తిరిగాడు. గదిలో ఏదో ఘాటు వాసన తగిలింది. పళ్ళ డాక్టరు దగ్గర కుర్చీలో వెనక్కి వాలినప్పుడు వచ్చే వాసన. పాపం, ఈయనకు పన్ను సలుపుతున్నట్టుంది అనుకున్నాడు.

"ఇర్మా నా కూతురులాంటిది," అన్నాడు తెచేరా. "ఆవిడ మీద మచ్చ పడకుండా ముగిస్తే చాలు. ఆరోగ్యం బాగాలేదని రాసేస్తే గౌరవంగా ఉంటుంది. మీరు కూడా అలాగే చెప్పండి."

"చూసి చెప్తాను. బుధవారం మీరు ఇటు వచ్చారా?"

"సమ్మె కదమ్మా, బస్సుల్లేవు. నాకు కారు లేదు. ఇంట్లో కూర్చుని చదువుకున్నాను." ఆయన నెల్సన్ వైపు తిరిగి, అతను చూస్తున్న అట్టను చూపిస్తూ నవ్వాడు. "అది రామా నెగ్రా. పదేళ్ళ కింద మందు కొడితే చచ్చేది. ఇప్పుడు ఏ మందుకూ చావదు."

ఇంకా తడి ఆరని ఆ అట్ట అడుగున, అందమైన చేతిరాతతో ఒక చీటీ అతికించి ఉంది: రామా నెగ్రా. ఆఫీసు వెనక గోడ పగులులో. ఆగస్టు 14. ఆ ముత్యాల్లాంటి అక్షరాలు చూసి నెల్సన్ ముచ్చటపడ్డాడు.

"స్లైడ్లు చూడొచ్చా?" అంది ఒఫెలియా.

"నిక్షేపంగా. దాచడానికేముంది?"

రికార్డు రూములో ఎల్బియా లూగో వాళ్ళను చూసి లేవలేదు. బొద్దుగా ఉన్న మనిషి, మెడలో తాళంచెవి.

"నా చేతిలోంచి చిత్తు కాగితం కూడా బయటికి పోదు," అంది. "ఇప్పుడు నా బీరువాలో దెయ్యం దూరిందంటున్నారు. ఇరవై రెండేళ్ళ సర్వీసులో ఇది వినాల్సొచ్చింది."

"దెయ్యాలకు తాళంచెవి అక్కర్లేదు. మనుషులకే కావాలి. చెవులెన్ని?"

"రెండు. ఒకటి ఇదిగో. స్నానానికి కూడా తియ్యను. ఇంకోటి డైరెక్టర్ గారి దగ్గర. బుధవారం నేనెక్కడున్నానంటారేమో, ఊరేగింపులో ముందు వరసలో బ్యానరు పట్టుకున్నా. పేపర్లో నా మొహం పడింది, చూసుకోండి. బాగా పడలేదు, అది వేరే సంగతి."

"ఆ సెర్బీనో మీకు తెలుసా?"

"వచ్చినప్పుడల్లా అల్ఫహోర్ బిస్కత్తుల పెట్టె తెస్తాడు. తింటాను. బీరువా మాత్రం తియ్యను."

ఎల్బియా కాపలాగా నిలబడి ఉండగా ఒఫెలియా చెక్కపెట్టె తెరిచింది. వేలెడు గాజు పలకలు వరసగా గాడుల్లో నిలబెట్టి ఉన్నాయి. ఒక్కోదానికి ఒక చివర కాగితపు లేబులు. ఎలుక నంబరు, పక్కన గీత, తర్వాత ఒకటి లేదా రెండు. ఆమె ఒక్కొక్క పలకనూ తీసి కిటికీ వెలుగుకు ఎత్తిపట్టింది. గాజు మధ్యలో గులాబిరంగు మరకలా కిడ్నీ ముక్క. కొన్ని చిక్కుడు గింజల్లా పొడుగ్గా ఉన్నాయి, కొన్ని నాణేల్లా గుండ్రంగా. ఎనభై చూసింది. గంటన్నర పట్టింది. నెల్సన్ ఆమె చెప్పినట్టే నంబరు, ఆకారం రాసుకుంటూ పోయాడు. కొన్ని పలకల దగ్గర ఆమె ఆగి, లేబులును ముక్కు దగ్గర పెట్టుకుని కళ్ళు మూసుకుంది.

"ఏంటి, వాసన చూస్తున్నారు?" అంది ఎల్బియా. "అవి ఎలుకలే, కేకులు కాదు."

"రేవులో అలవాటమ్మా," అంది ఒఫెలియా. "కొత్తగా అతికించిన లేబులు ఎప్పుడూ ఏదో ఒకటి చెప్తుంది."

బయట సెర్బీనో కారు పక్కన కాచుకుని ఉన్నాడు. నలభై ఏళ్ళవాడు, ఖరీదైన బూట్లు.

"నా గురించి అడుగుతున్నారట," అన్నాడు. "ముందే చెప్తున్నా, ఆ పెట్టె నేను ముట్టుకోలేదు. నన్నెవరూ లోపలికి రానివ్వలేదు. నాకు తాళమూ లేదు, చెవీ లేదు."

"నేనింకా ఏమీ అడగలేదే."

"అడుగుతారుగా."

"గుమ్మడికాయల దొంగ అనకముందే భుజాలు తడుముకుంటున్నారు సెర్బీనో గారూ. మంగళవారం ఆవిడ మీద ఎందుకు కేకలేశారు?"

అతను నేల చూపులు చూశాడు. "భయపడి. ఆ అంకె పడిపోతే ముందు పోయేది నా ఉద్యోగమే."

బస్సులో నెల్సన్ ఆగలేకపోయాడు. "వీడే, ఒఫెలియా గారూ. మొహంలోనే ఉంది."

"మొహాన్ని బట్టి పట్టుకునేదాన్నయితే రేవులో సగం మందిని జైల్లో పెట్టేదాన్ని. రేపు నీకు చదివే పనుంది. గొంతు జాగ్రత్త."

*

శనివారమంతా మళ్ళీ వాన. వానరోజు కదా అని ఒఫెలియా నూనెలో తోర్తా ఫ్రీతా రొట్టెలు వేయించింది. నెల్సన్ నూనె చేతులు తుడుచుకుంటూ, ఇర్మా ఇచ్చిన టెర్లిమోన్ ఫైలు కాపీలు పైకి చదివాడు. ఎలుకల మేత, బరువు, బోనుల కొలతలు. తొమ్మిదో సంపుటం మూడొందల పన్నెండో పేజీ దగ్గరికొచ్చేసరికి అతనికి ఆవలింతలు ఆగడం లేదు.

"ప్రతి జంతువు ఎడమ మూత్రపిండమును నిలువుగాను, కుడి మూత్రపిండమును అడ్డముగాను కోయవలెను. ఎడమదానికి ఒకటి, కుడిదానికి రెండు అని గుర్తు వేయవలెను."

ఒఫెలియా పొయ్యి ఆర్పేసింది. "ఇంకోసారి చదువు."

అతను చదివాడు. ఆమె నిన్నటి జాబితా తెచ్చుకుని పెన్సిలుతో గీతలు పెట్టుకుంటూ వెళ్ళింది. ఆమె పెదవుల మీద నవ్వు లేదు. పని దొరికినప్పుడు ఆమె నవ్వదని నెల్సన్‌కు తెలుసు.

"చివరి పేజీ ఏముంది?"

"పదేళ్ళ కింది పరిశీలన. ఒక్క వాక్యమే. నివేదిక చదివితిని, సమ్మతమే. సంతకం..." నెల్సన్ తలెత్తాడు. "తెచేరాదే."

"అప్పట్లో స్లైడ్లు తెప్పించుకునే పద్ధతి ఉందా?"

"లేదనే ఉంది. నివేదిక చదివితే చాలు."

సాయంత్రం పింతోస్ ఇంటికి వెళ్ళారు. డెబ్భై ఎనిమిదేళ్ళ పెద్దాయన, కాళ్ళ మీద దుప్పటి, పక్కన పిల్లి. తన లెక్క కాగితం ఇవ్వడానికి వెనకాడలేదు.

"చూసుకో అమ్మాయ్. నా కళ్ళు ముసలివే గాని అబద్ధం చెప్పవు."

"వాటిమీద నాకు అనుమానం లేదు. ఈ అంచున పది చోట్ల టిక్కులు పెట్టారు. ఎందుకు?"

"అవా, కోత తప్పు. ఒకటి అని రాసిన చోట అడ్డకోత, రెండు అని రాసిన చోట నిలువుకోత. ప్రయోగశాలలో టెక్నీషియన్ తాగి కోశాడనుకున్నా. జబ్బు ఎటు కోసినా జబ్బే కదా, అందుకని నివేదికలో రాయలేదు."

"ఏ గుంపులో ఆ తప్పులున్నాయో మీకు తెలుసా?"

"గుంపులు నాకు చెప్పరు. చెప్పకూడదు."

ఒఫెలియా ఆ కాగితాన్ని తన జాబితా పక్కన పెట్టింది. పది నంబర్లూ సరిపోయాయి. పిల్లి తల నిమిరి లేచి నిలబడింది. "సోమవారం తొమ్మిదింటికి రాగలరా డాక్టరు గారూ?"

"టాక్సీ పంపితే నరకానికైనా వస్తా."

*

సోమవారం తొమ్మిదింటికి, సభకు గంట ముందే, ఒఫెలియా కోరిన మీదట విచారణ గదిలో పొడుగాటి బల్ల చుట్టూ అందరూ కూర్చున్నారు. తెచేరా, అతని పక్కన డిప్యూటీ డైరెక్టర్ సుసానా, ఎల్బియా, సెర్బీనో, పింతోస్. మూలన, బురద ఆరని బూట్లతో పాసో ఒండో టీచరు గ్లాదిస్ మొరేయ్రా. ఇర్మా అందరికంటే దూరంగా కూర్చుంది. మూడు రోజుల్లో ఆమె మొహం ఇంకా పీక్కుపోయింది. బల్ల మీద మైక్రోస్కోపు లేదు, చెక్కపెట్టె ఒక్కటే ఉంది.

"మైక్రోస్కోపు నాకు చేతకాదు," అంది ఒఫెలియా. "కిటికీ ఉంది, చాలు. టీచరమ్మా, ఇలా రండి. ఈ రెండు స్లైడ్లు వెలుగుకు పట్టి చూడండి. ఒకటి అని ఉన్నది ఎలా ఉంది?"

"చిక్కుడు గింజలా ఉందండీ."

"రెండు అని ఉన్నది?"

"గుండ్రంగా."

"పరీక్ష చేసిన ప్రయోగశాల ఎడమ కిడ్నీని నిలువుగా కోసి ఒకటి వేసింది, కుడిదాన్ని అడ్డంగా కోసి రెండు వేసింది. మూడొందల పన్నెండో పేజీలో ఉంది. ఎనభైలో డెబ్భై స్లైడ్లు ఆ మాట మీదే నిలబడ్డాయి. ఇప్పుడు ఈ జత చూడండి. పదిహేడో ఎలుకది."

గ్లాదిస్ రెండూ ఎత్తిపట్టి కళ్ళు చిట్లించింది. "రెండూ గింజలే."

"అంటే ఈ ఎలుకకు రెండూ ఎడమ కిడ్నీలే. ఏ తల్లి ఎలుకా అలాంటి పిల్లను కనలేదు. ఇలాంటి ఎలుకలు రెండున్నాయి, ఒక్కోదానికి ఒక స్లైడు తప్పు. రెండూ కుడివే ఉన్నవి ఇంకో రెండు. ఎడమా కుడీ తారుమారైనవి ఇంకో మూడు, వాటిలో రెండేసి స్లైడ్లూ తప్పే. డాక్టర్ పింతోస్ ఆ పది స్లైడ్ల దగ్గరా టిక్కులు పెట్టారు. ఆయనకు గుంపులు తెలియవు. నేను గుంపులు చూశాను. టెక్నీషియన్ తాగి కోస్తే తప్పులు నాలుగు గుంపుల్లోనూ చెదురుగా పడాలి. అన్నీ మొదటి గుంపు, మూడో గుంపుల్లోనే ఉన్నాయి. నిషా అంత తెలివిగా రెండు గుంపులే ఏరుకోదు."

పింతోస్ బల్ల మీద అరచేత్తో మెల్లగా కొట్టాడు. "లేబుళ్ళు," అన్నాడు.

"లేబుళ్ళే. గాజు పోలేదు, గాజు రాలేదు. మూడో గుంపులో చెడిన నాలుగు ఎలుకల లేబుళ్ళు, మందు తినని నాలుగు మంచి ఎలుకల లేబుళ్ళు నీళ్ళలో నానబెట్టి ఊడదీసి, అటువి ఇటు, ఇటువి అటు అతికించారు. పదహారు స్లైడ్లు. ఎనిమిదీ ఒకటీ కాస్తా నాలుగూ ఐదూ అయ్యాయి. డాక్టర్ ఇర్మా మంగళవారం చూసింది నిజం, గురువారం చూసిందీ నిజం. ఆవిడ కళ్ళకు, బుర్రకు ఏ జబ్బూ లేదు."

ఇర్మా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఏడవలేదు, ఊపిరి మాత్రం గట్టిగా వినబడింది.

"నా వైపు చూస్తారేం?" అన్నాడు సెర్బీనో. ఎవరూ అతనివైపు చూడటం లేదు.

"ఈ పని చేసినవాళ్ళకు ఏ నంబరు ఏ గుంపుదో తెలుసు. డాక్టర్ ఇర్మా నోట్సూ తెలుసు. కాబట్టి పింతోస్ గారు కాదు. ఒకటి, రెండు అన్నవి ఎడమ, కుడి అని తెలియదు. రెండు ప్రతులు అనుకున్నారు, ఏది దేనికి అతికించినా ఒకటే అనుకున్నారు. కాబట్టి శవపరీక్షలు, కోతలు తెలిసినవాళ్ళు కాదు. డాక్టర్ ఇర్మా అసలే కాదు. సమ్మెరోజు తీరిగ్గా కూర్చుని ఆరబెట్టుకున్నారు. ఎల్బియా ఊరేగింపులో ఉంది, ఆమె తాళంచెవి ఆమె మెడలో ఉంది. సెర్బీనో గారికి సంగతులన్నీ తెలుసు, తాళంచెవి లేదు. ఇక మిగిలింది వాసన."

ఆమె ఒక స్లైడును బల్ల మీదుగా ఎల్బియా వైపు తోసింది. ఎల్బియా అయిష్టంగానే ముక్కు దగ్గర పెట్టుకుంది.

"లవంగాలు," అంది. "మా అమ్మ చలికాలం పాయసంలో వేసేది." ఆ తర్వాత ఆమె మొహం పాలిపోయింది. ఆ వాసన ఏ గదిలోంచి వస్తుందో ఆ ఆఫీసులో అందరికీ తెలుసు.

నెల్సన్ ఒక్కసారి తలవంచుకున్నాడు. పన్ను నొప్పి అనుకున్నాడు తను.

"ఎండిన మొక్కలు అట్టకు అతికించడానికి కొందరు మైదా జిగురు సొంతంగా కాచుకుంటారు," అంది ఒఫెలియా. "పురుగు పట్టకుండా అందులో లవంగ నూనె వేస్తారు. తెచేరా గారూ, మీ గదిలో రామా నెగ్రా అట్ట ఉంది. దాని చీటీ మీద తేదీ ఆగస్టు పద్నాలుగు. బుధవారం. తెప్పించమంటారా?"

 తెచేరా తన అరచేతులు చూసుకుంటున్నాడు.

"అక్కర్లేదు," అన్నాడు చివరికి. "సముద్రం ఒడ్డున యాభై నిమిషాలు నడిచి వచ్చాను. వెనక గేటులోంచి. లేబుళ్ళు ఆరేదాకా పని లేదు. గోడ పగులులో ఆ మొక్క కనిపించింది. పీకి అతికించాను."

"తేదీ రాశారు."

"తేదీ తప్పు రాయడం నాకు చేతకాదు."

"పదహారు లేబుళ్ళతో అబద్ధమాడిన చెయ్యి, పదిహేడో చీటీ మీద నిజం రాసేసింది," అంది ఒఫెలియా.

సెర్బీనో కుర్చీలో వెనక్కి వాలి పెద్దగా ఊపిరి వదిలాడు. ఒఫెలియా అతనివైపు తిరిగింది. "మీరు అప్పుడే సర్దుకోకండి. ఎనిమిది చెడిన ఎలుకల్ని చూసి మామూలే అని రాసింది మీ కంపెనీ మనుషులు. దానికి జవాబు మీరే చెప్పాలి."

"వాళ్ళు మీకేమిచ్చారు?" అని అడిగింది గ్లాదిస్. తెచేరాను.

"ఎవరూ ఏమీ ఇవ్వలేదమ్మా." ఆయన ఆమె మొహంలోకి చూడలేకపోయాడు. "పదేళ్ళ కింద ఆ అంకె మీద సంతకం పెట్టింది నేను. స్లైడ్లు అడగలేదు. ఎవరూ అడిగేవాళ్ళు కాదు. ఇర్మా నోట్సు చూసినప్పుడు, పదేళ్ళుగా ఎవరెవరు ఏ నీళ్ళు తాగారో లెక్క పెట్టడం మొదలుపెట్టాను. సగంలో ఆపేశాను. నా అంకె నిజమైతే బావుండుననిపించింది. డిసెంబరులో రిటైరవుతున్నాను. అంతదాకా నిజంగా ఉంటే చాలనుకున్నాను."

ఆయన జేబులోంచి చిన్న డైరీ తీసి బల్ల మీద పెట్టాడు. "ఏ నంబర్లు మార్చానో ఇందులో ఉంది. ఎప్పటికైనా సరిచెయ్యాల్సి వస్తుందనుకున్నాను."

ఇర్మా లేచింది. బల్ల చుట్టూ నడిచి వచ్చి ఆయన ముందు నిలబడింది. నెల్సన్‌కు ఆమె కొడుతుందేమో అనిపించింది.

"లేబుళ్ళు మార్చారు, సరే," అంది.  "అది భయం. భయపడ్డ మనిషిని క్షమించొచ్చు. కానీ నా చెయ్యి పట్టుకుని మా అమ్మ పేరెత్తారు. గురువారం నుంచి నేను తాళంచెవులు లెక్కపెట్టుకుంటున్నాను రూబెన్ గారూ. మా వీధి పేరు గట్టిగా పైకి చెప్పుకుంటున్నాను. అది మీరు ఏ నీళ్ళలో నానబెట్టి ఊడదీస్తారు?"

  సుసానా తెచేరా మోచెయ్యి పట్టుకుని, చాలా మెల్లగా, బయటికి తీసుకెళ్ళింది. వరండాలో ఆయన అడుగులు చాలాసేపు వినబడ్డాయి.

*

సభను మధ్యాహ్నం మూడింటికి మార్చారు. సుసానా అధ్యక్షత వహించింది. మార్చిన పదహారు స్లైడ్లను, తెచేరా డైరీ పక్కన పెట్టుకుని, పింతోస్ మళ్ళీ చూశాడు. ఏది ఏ ఎలుకదో ఖచ్చితంగా తేలకపోయినా ఏది ఏ గుంపుదో తేలింది, లెక్కకు అది చాలు. కిడ్నీలు దాచిన మైనపు దిమ్మలు కూడా పంపమని ప్రయోగశాలకు ఉత్తరం వెళ్ళింది. ఎల్బియా ఎవరూ అడక్కుండానే ఇర్మా ముందు అల్ఫహోర్ బిస్కత్తుల పెట్టె తెచ్చిపెట్టి, "తినండి, మొహంలో నెత్తురు లేదు," అని వెళ్ళి కూర్చుంది.

ఇర్మా కొత్త అంకె చదివింది. పాతదానిలో పదోవంతు. కంపెనీ జవాబిచ్చేదాకా బడులకూ బావులకూ దగ్గరలో టెర్లిమోన్ కొట్టరాదు. సెర్బీనో రాసుకున్నాడు గాని తలెత్తలేదు. ఒఫెలియా, నెల్సన్ గోడ పక్కన నిలబడి విన్నారు.

"ఎవరైనా మాట్లాడతారా?" అని అడిగింది సుసానా.

గ్లాదిస్ లేచింది. చేతిలో నాలుగు మడతలు పెట్టిన కాగితం ఉంది. తెచ్చుకున్న ఉపన్యాసం కాబోలు. దాన్ని విప్పలేదు.

"ఇక ముందు సంగతి బాగానే ఉందండీ. మా బళ్ళో ఇరవై మూడు మంది పిల్లలున్నారు. ఆరో తరగతి వాళ్ళు ఊహ తెలిసినప్పటి నుంచి ఆ బావి నీళ్ళే తాగారు. పాత అంకె మీద. వాళ్ళ కిడ్నీల సంగతి ఏ ఫైల్లో ఉంది?"

 పింతోస్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. సుసానా కాగితాలు సర్దింది. అలాంటి ఫైలు లేదని ఆ గదిలో అందరికీ తెలుసు.

ఇర్మా తన ముందున్న కాగితాలన్నీ పక్కకు జరిపి, ఒక తెల్ల కాగితం తీసుకుంది. పైన పాసో ఒండో అని రాసింది. దాని కింద తేదీ వేసింది.

"కూర్చోండి టీచరమ్మా," అంది. "ఒక్కొక్కళ్ళ పేరూ వయసూ చెప్పండి. మొదలుపెడదాం."

గ్లాదిస్ ఒక్క క్షణం ఆమెనే చూసింది. తర్వాత కుర్చీ దగ్గరికి లాక్కుని మొదటి పేరు చెప్పింది.